ఎడమ చెవి

రేపల్లె పాసింజరు తెనాలి స్టేషన్లో ఒక పట్టాన కదిలే రకం కాదు. ఆ పూట అజయ్ బాబుకు అదే హాయిగా ఉంది. బండి కదలకపోతే రేపల్లె రాదు. రేపల్లె రాకపోతే, చచ్చిపోయిన స్నేహితుడి తల్లి ముందు నిలబడి, దేవుడు నన్ను చెవిలో పిలిచి మరీ బతికించాడమ్మా అని చెప్పాల్సిన పని తప్పుతుంది. అయితే మనం ఆగాలని కోరుకున్న బండే వేళకు బయల్దేరుతుంది. కూత వేసి అది కాస్తా కదిలింది.

బెంచీ మీద తన ఎడమ పక్క ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు అజయ్ బాబు. ఎవరో పెద్దాయన వచ్చి, "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా బాబూ?" అని అడిగేదాకా ఆ సంగతి తనకే తెలియలేదు. "ఎవరూ లేరండి, కూర్చోండి" అని జరిగాడు. పోయిన ఆ స్నేహితుడు ఎజ్రాకు ఎడమ చెవి వినపడేది కాదు. అందుకని అతనికి కుడి పక్కన నడవడం, కుడి పక్కన కూర్చోవడం అజయ్ బాబుకు ఏళ్ళ తరబడి అలవాటు. మనిషి పోయి రెండు నెలలైనా అలవాటు పోలేదు.

ఇద్దరిదీ బాపట్లలో ఒకే ఆఫీసు, ఒకే సెక్షను, పక్కపక్క కుర్చీలు. అజయ్ బాబు తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళొస్తాడు. ఎజ్రా బాపట్లలో గది తీసుకుని ఉండేవాడు. శనివారం సాయంత్రం రేపల్లెలో తల్లి దగ్గరికి పోయి, సోమవారం పొద్దున ఆవిడ పెట్టిచ్చిన పచ్చడి సీసాతో ఆఫీసులో దిగేవాడు. పెళ్ళి కాలేదు. చెవి సంగతి చెప్పకుండా సంబంధం ఖాయం చేసుకోనని పట్టుబట్టేవాడు, చెప్పాక అవతలివాళ్ళు మళ్ళీ ఫోను చేసేవాళ్ళు కాదు. భక్తి మాత్రం నిండుగా ఉండేది. రేపల్లె లూథరన్ గుడిలో పాట ఎత్తుకునేది అతనే. ఒక్క చెవితో శ్రుతి అంత బాగా ఎలా పట్టేవాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇక అజయ్ బాబు సంగతంటారా, క్రిస్మస్‌కీ ఈస్టరుకీ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుడికి పోయే భక్తి అతనిది. ఆ ఇద్దరిలో ఒకణ్ణే బతికించాలంటే ఎవరిని బతికించాలో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

ఆ రోజు వాళ్ళ సూపరింటెండెంటు పాండురంగారావు గారి అమ్మాయి పెళ్ళి. పొన్నూరు అవతల పల్లెటూళ్ళో. ఇద్దరూ బాపట్లలో బస్సెక్కే ముందు స్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నారు. పెళ్ళి భోజనానికి పోతూ బజ్జీలేమిటని అడగకండి, కొందరి ఆకలికి ముహూర్తం ఉండదు. పొన్నూరులో దిగేసరికి అజయ్ బాబు కడుపులో గడబిడ మొదలైంది. షేరు ఆటో నిండిపోతోంది, ఇంకా ఇద్దరికే చోటుంది, డ్రైవరు రమ్మని కేకలేస్తున్నాడు. అజయ్ బాబు పొట్ట పట్టుకుని బస్టాండు వెనక మరుగుదొడ్ల వైపు పరుగెత్తాడు. ఎజ్రా వెనక నుంచి ఏదో అని, నవ్వి, ఆటో ఎక్కాడు. కాలవ వంతెన దగ్గర వడ్ల బస్తాల ట్రాక్టరు ఆ ఆటోను గుద్దింది. మిగతావాళ్ళకు కాళ్ళో చేతులో విరిగాయి. ఎజ్రా ఒక్కడే పోయాడు.

జరిగింది ఇంతే. తరవాత అజయ్ బాబు అందరూ చేసేవన్నీ చేశాడు. ఆసుపత్రికి వెళ్ళాడు, సంతకం పెట్టమన్న చోట పెట్టాడు, రేపల్లెలో సమాధి దగ్గర పిడికెడు మట్టి వేశాడు. కన్నీళ్ళు మాత్రం రాలేదు. వస్తాయేమోనని చూశాడు కూడా. ఇంటికొచ్చి అన్నం తింటే కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలియలేదు. పెద్ద కూతురు షారోన్ క్లాసులో ఫస్టు వచ్చానని చెబితే, సంతోషించాలి కాబోలు అనుకుని నవ్వాడు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, అది మన కాలే, గిల్లినా మనకు తెలియదు. అతని మనసు అలా అయింది.

వాళ్ళ గుళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. రోగం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, ప్రాణాపాయం తప్పినా, ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు నాకిలా చేశాడని నాలుగు మాటలు చెప్పి స్తోత్రం అంటే, గుడంతా స్తోత్రం అంటుంది. చెప్పకపోతే చేసిన మేలు మరిచినవాడి కింద లెక్క. తెనాలి గుడిలో పాస్టరు అయ్యగారు పిలిస్తే అజయ్ బాబు లేచాడు.

"ఆ రోజు ఆటో ఎక్కబోతుంటే నాకండి..." అని ఆగిపోయాడు. ఎదురుగా గంజి చీరల్లో ఆడవాళ్ళు, పక్కన చాప మీద సండే స్కూలు పిల్లలు. గుడిలో మైకు పట్టుకుని విరేచనాల సంగతి ఎత్తే ధైర్యం మీకుంటే ఉండొచ్చు, అజయ్ బాబుకు లేదు. "ఎందుకో... ఎక్కాలనిపించలేదండి" అన్నాడు.

అయ్యగారు మంచివాడు, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. "ఎవరో ఆపినట్టు అనిపించిందా బాబూ?" అని మెల్లగా అందించాడు.

"అవునండి" అన్నాడు అజయ్ బాబు.

గుడంతా స్తోత్రం అంది. మొద్దుబారిన మనిషికి అవునన్నా ఒకటే, కాదన్నా ఒకటే. కాదంటే మళ్ళీ వివరం చెప్పాలి, అవునంటే కూర్చోవచ్చు. అతను కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర భార్య కుమారితో అన్నాడు, "నన్నెవరూ ఆపలేదే. కడుపు పాడైంది, అంతే."

"ఆ కడుపు పాడుచేసింది ఎవరంట?" అంది కుమారి. ఆమె మొహం వెలిగిపోతోంది. "పొద్దున మీరు చెప్పులేసుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి ప్రార్థన చేశానా, లేదా? ఇంకా రుజువేం కావాలండి మీకు?"

"ఎజ్రా కూడా అవే బజ్జీలు తిన్నాడు. నాకంటే రెండు ఎక్కువే తిన్నాడు. వాడి కడుపుకేం కాలేదు. వాళ్ళమ్మ చెయ్యలేదంటావా ప్రార్థన?"

కుమారి గరిటె పక్కన పెట్టి మజ్జిగ గిన్నె అందుకుంది. "ఆయన చిత్తం మనకెలా తెలుస్తుందండి" అని మజ్జిగ పోసింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. పోవాల్సిన మొగుడు ఇంటికి నడిచొచ్చాడు, దానికి ఎవరో ఒకరికి కృతజ్ఞత చెప్పుకోకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

రైల్లో మోహనకృష్ణ ఇంకో రకం. అతనిదీ తెనాలే, ఉద్యోగం బాపట్లలో, హేతువాద సంఘంలో మెంబరు. నోట్లోంచి శివలింగం తీసేవాళ్ళ గుట్టు స్టేజీల మీద విప్పి చూపించినవాడు. "ఆ ఆటో ఎక్కనివాడల్లా సాక్షే అయితే పొన్నూరు పొన్నూరంతా సాక్షులేనయ్యా. నేనూ ఎక్కలేదు. నాక్కూడా మైకివ్వమను" అన్నాడు. "పోయినవాడు లేచొచ్చి చెప్పడు. బతికినవాడే చెబుతాడు. బతికినవాళ్ళని మాత్రమే అడిగితే దేవుడు ప్రతిసారీ మంచివాడే అవుతాడు. ఇదేం లెక్కయ్యా?"

ఆ లెక్కలో తప్పు పట్టడానికి అజయ్ బాబుకు ఏమీ కనపడలేదు. కుమారి మాటా కొట్టెయ్యలేకపోయాడు. ఇద్దరి మాటలూ అతనికి పక్కింట్లో మోగుతున్న టీవీలా వినపడ్డాయి. ఆఫీసుకు వెళితే ఎజ్రా కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో ఫైళ్ళు పెట్టారు, అతను తీసి కింద పెట్టాడు.

తరవాత బాపట్ల గుడిలో కృతజ్ఞతా కూటం పెట్టారు. తెనాలి సాక్ష్యం అప్పటికే అక్కడికి చేరింది, దారిలో కాస్త ఒళ్ళు కూడా చేసింది. అక్కడి అయ్యగారిది పెద్ద గొంతు. "ప్రభువు ఈ తమ్ముడి చెవిలో 'ఆగు' అన్నాడు! విన్నాడు, ఆగాడు, ఇదిగో మన మధ్య నిలబడ్డాడు! ఏం తమ్ముడూ?" అన్నాడు. అజయ్ బాబు చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. "అవునండి. 'ఆగు' అన్నట్టు..." అన్నాడు. మిగతాది స్తోత్రాల్లో కలిసిపోయింది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే, అతికించింది ఫలానావాడని చెప్పడానికి కూడా లేదు. ఎవరో కుర్రది ఫోన్లో వీడియో తీసింది. వారం తిరక్కుండా అది చీరాల దాకా పోయింది.

రేపల్లెకూ పోయింది. ఒక సాయంత్రం ఫోను మోగింది.

"బాబూ, అజయ్ బాబేనా? నేను ఎజ్రా వాళ్ళమ్మని, రాజమ్మని. వీడియో చూశా నాయనా. మా గుడిలో కూడా వచ్చి చెప్పాలి నువ్వు. అయ్యగారితో మాట్లాడా. ముందు ఇంటికొచ్చి అన్నం తిను, ఆ తరవాత ఇద్దరం కలిసి పోదాం."

ఎందుకమ్మా అని అడగడానికి అతనికి నోరు రాలేదు. ధైర్యం తెచ్చుకోవడానికి పిలిచిందో, కడిగెయ్యడానికి పిలిచిందో గొంతును బట్టి తెలియలేదు. "పాపం, ఆ పెద్దావిడకి కాస్త ఓదార్పుగా ఉంటుంది, వెళ్ళి చెప్పండి" అంది కుమారి. షారోన్ పరీక్షలున్నాయి గనక తను రాలేనని, ఎవరైనా ఫోన్లో చూపిస్తే చూస్తానని చెప్పింది. మోహనకృష్ణ మాత్రం, "నీ కొడుకును వదిలేసి నన్ను పిలిచాడమ్మా అని ఆమె మొహం మీదే చెబుతావా?" అన్నాడు. చెబితే ఆ తల్లి ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే, రెండు గుళ్ళలో అబద్ధం ఆడినవాడని మూడో గుడిలో ఒప్పుకోవాలి, కుమారి తల ఎత్తుకోలేదు. ఇదీ రేపల్లె పాసింజర్లో కూర్చున్న మనిషి పరిస్థితి. ఇంత ఉన్నా భయం కూడా సరిగ్గా వెయ్యలేదు. భయపడాలని మాత్రం తెలుసు.

రాజమ్మ ఇల్లు స్టేషనుకు దగ్గరే, రెండు గదుల డాబా. అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఒంట్లో ఇంకా బిగువుంది. గోడ మీద ఎజ్రా ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. "వందనాలమ్మా" అన్నాడు అజయ్ బాబు. "వందనాలు నాయనా. కాళ్ళు కడుక్కో" అందామె. ఇంకో మాట లేకుండా విస్తరేసి, అన్నం పెట్టి, బొమ్మిడాయిల పులుసు పోసింది. ఎజ్రాకు ప్రాణం ఆ పులుసంటే. సోమవారాలు దాని గురించే మాట్లాడేవాడు. అజయ్ బాబు తల వంచుకుని తిన్నాడు. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని అతను తినడం చూసింది.

"బాబూ, ఒకటడుగుతా. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పాలి."

"అడగండమ్మా."

"ఆ మాట నీకు ఏ పక్క నుంచి వినపడింది? కుడి పక్క నుంచా, ఎడం పక్క నుంచా?"

అజయ్ బాబుకు ప్రశ్న అర్థం కాలేదు. రాజమ్మ ఫోను తీసింది. వీడియో అప్పటికే తెరిచి ఉంది, చూసి చూసి అక్కడే ఆపి ఉంచింది. తెర మీద అజయ్ బాబు, చెయ్యి ఎడమ చెవి దగ్గర పెట్టుకుని.

"ఇదిగో, నువ్వు ఎడం చెవి చూపించావు. అందుకని అడుగుతున్నా. ఎంత గట్టిగా వినపడింది? నేనిప్పుడు మాట్లాడుతున్నంత ఉందా? అంతకన్నా చిన్నగానా?"

"అమ్మా, ఎందుకు..."

"నువ్వూ వాడూ పక్కపక్కనే ఉన్నారు కదా అక్కడ. దేవుడు నిన్నొక్కణ్ణే పిలిచి వాణ్ణి ఎందుకు వదిలేస్తాడు? పాటలు పాడినోణ్ణి, ఒక్క ఆదివారం మాననోణ్ణి? ఇద్దర్నీ పిలిచే ఉంటాడు. ఆగమని ఇద్దరికీ చెప్పే ఉంటాడు. నీకు వినపడింది." ఆమె గొంతు ఏమాత్రం వణకలేదు. అంగన్‌వాడీలో పాల పొడి లెక్క అప్పజెబుతున్నంత నింపాదిగా చెప్పింది. "వాడికి ఐదేళ్ళప్పుడు చెవి పోటొచ్చింది. వాళ్ళ నాన్న ఊళ్ళో లేడు. వెల్లుల్లి వేసి నూనె కాచి చెవిలో పోశా. అందరూ పోసేదే. వేడి చూసుకోలేదు నేను. వాడు కేకపెట్టాక చూసుకున్నా. జ్వరం వచ్చి చెవి పోయిందని చెప్పా వాడికి, చివరిదాకా అదే నమ్మాడు. ఎడం చెవి నాయనా. నువ్వు చెయ్యి పెట్టావే, ఆ చెవి."

అజయ్ బాబు చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. బాపట్లలో అయ్యగారు చెవి అనగానే తన మనసులో మెదిలిన చెవి ఏదో అతనికి ఇప్పుడు తెలిసింది. చెవి అన్న మాట వింటే తనకు ఎప్పుడూ ఎజ్రాయే గుర్తొస్తాడు. చెయ్యి అందుకే అక్కడికి పోయింది. ఆ చేతిని ఈ తల్లి ఇన్నాళ్ళుగా తెర మీద ఆపి చూస్తోంది.

"అందుకే, పక్క చెప్పు" అంది రాజమ్మ. "కుడి పక్క నుంచయితే వాడికీ వినపడే ఉంటుంది, విని కూడా ఎక్కాడంటే అది వాడి ఖర్మ. ఎడం పక్కయితే నాది. నాకు తెలియాలి."

"అమ్మా, గొంతు లేదమ్మా" అన్నాడు అజయ్ బాబు.

"ఏంటి?"

"నాకే గొంతూ వినపడలేదు. ఏ పక్క నుంచీ లేదు. అది... అలా అయిపోయింది. నేను కాదనలేదు, అంతే."

రాజమ్మ అతని వంక తేరిపార చూసింది. తరవాత తల అడ్డంగా ఊపింది. "నా కోసం చెబుతున్నావు. ముసల్ది కుళ్ళిపోతందని. వద్దు నాయనా, ఓదార్పులు చానా విన్నా. అయ్యగారు చెప్పాడు, నువ్వు అవునన్నావు, గుడి మొత్తం విన్నది. ఇప్పుడు లేదంటే నేనెలా నమ్మాలి? లేదనడానికి రుజువేంటి?"

ఇదీ వరస. ఉందనడానికి అతన్ని ఎవరూ రుజువడగలేదు. లేదనడానికి అడుగుతోంది, అదీ ఈవిడ. మోహనకృష్ణ ఉంటే ఏం చెప్పేవాడో గానీ, అజయ్ బాబు దగ్గర ఉన్నది ఒక్కటే, జరిగిన సంగతి. సిగ్గు విడిచి అదే చెప్పాడు. బజ్జీల దగ్గర మొదలుపెట్టి, కడుపులో గడబిడ, డ్రైవరు కేకలు, మరుగుదొడ్లు, లోపల నీళ్ళు లేక పక్క టీకొట్టు ఆవిడ చెంబుతో ఇచ్చిన నీళ్ళు, ఏదీ దాచలేదు. గుడిలో చెప్పలేనిదంతా అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"గుళ్ళో చెప్పే మాట కాదు గదమ్మా. అందుకని ఎక్కాలనిపించలేదన్నా. అక్కణ్ణుంచి అది పెరిగింది."

రాజమ్మ మొహంలో నమ్మకం ఇంకా రాలేదు. "నువ్వు పరిగెత్తావు సరే. వాడేం చేశాడు?"

"నవ్వాడు."

"నవ్వి? ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

అజయ్ బాబు సందేహించాడు. కొడుకు ఆఖరి మాట ఏమిటని తల్లి అడిగితే చెప్పదగ్గ మాట కాదది. కుమారికి చెప్పలేదు, ఏ గుడిలోనూ చెప్పలేదు. తనలో తను కూడా ఆ మాట దగ్గరికి పోలేదు.

"'నీది పొట్ట కాదురా బావా, మున్సిపాలిటీ కుళాయి. ఎప్పుడొస్తదో తెలీదు, వచ్చిందంటే ఆగదు. నువ్వు నిమ్మళంగా కానిచ్చి రా. నేను ముందెళ్ళి మొదటి బంతిలో నీకు కర్చీఫ్ వేసి ఉంచుతా' అన్నాడమ్మా."

రాజమ్మ నోరు తెరుచుకుంది. తరవాత వచ్చింది నవ్వు. భుజాలు ఊగిపోయేటట్టు నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. "కుళాయి! వాళ్ళ నాన్ననీ అట్టాగే అనేవోడు ఎదవ! ఆయన పేగుజబ్బు మనిషి. 'అమ్మా, నాన్న కుళాయి తిప్పాడే' అని వీధిలోకి వినపడేటట్టు అరిచేవోడు. తన్నులు తినేవోడు." నవ్వులోనే ఎప్పుడు ఏడుపు కలిసిందో తెలియలేదు. "వాడే. ఆ మాట వాడిదే. నువ్వు కల్పించాలన్నా రాదు ఇది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఒక్కో మాటా విడివిడిగా అడిగింది.

"అయితే పిలవలేదు."

"లేదమ్మా."

"మీ ఇద్దర్లో ఎవర్నీ."

"ఎవర్నీ పిలవలేదమ్మా."

"అయితే వాడికి వినపడకపోవడం కాదు."

"కాదమ్మా. వాడు నాతో పరాచికాలాడి, నవ్వుకుంటా ఎక్కాడు. వినపడాల్సింది అక్కడేం లేదు."

రాజమ్మ గోడ మీది ఫోటో వైపు చూసింది. ఒళ్ళో పెట్టుకున్న ఫోను తెర ఆరిపోయింది, ఆమె మళ్ళీ వెలిగించలేదు.

"మరి దేవుడు సంగతేంటమ్మా?" అన్నాడు అజయ్ బాబు. ఎందుకడిగాడో అతనికే తెలియదు. రెండు నెలల్లో అతను ఎవరినైనా నిజంగా అడిగిన ప్రశ్న అదొక్కటే.

"నేను దేవుణ్ణి నీ వీడియో చూసి నమ్మానంటావా?" అంది రాజమ్మ. "ఆ వీడియో చూశాకే నమ్మలేక చచ్చా. ఒకణ్ణి చెవిలో పిలిచి, ఇంకొకడికి చెవి లేదని తెలిసి కూడా ఊరుకున్నవాణ్ణి ఏమని ప్రార్థన చెయ్యను? మోకాళ్ళేసుకుంటే మాట వచ్చేది కాదు. ఇప్పుడు ఎందుకు పోయాడో తెలీదు, అంతే గదా. తెలీకపోతే ఆయన్నే అడుక్కోవచ్చు." ఆమె లేచి, గిన్నెలోంచి పులుసు వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. "అయ్యో నా మతి మండా! ఉప్పే వెయ్యలేదు దీంట్లో. ఎట్టా తిన్నావు నాయనా ఇదంతా?"

అజయ్ బాబు విస్తట్లోకి చూశాడు. సగం పైనే తినేశాడు. ఒక మెతుకు నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉంది, చింతపండు మాత్రం పళ్ళు పులిసేటట్టు తగిలింది. "తెలియలేదమ్మా" అన్నాడు. రాజమ్మ ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. అతను మళ్ళీ అన్నం పెట్టించుకుని తిన్నాడు.

కూటం మూడింటికి. "నేను ముందెళ్తా, చేతులు కడుక్కుని రా" అని ఆమె బయల్దేరింది.

"అక్కడేం చెప్పమంటారమ్మా?"

"నన్నడుగుతావేంటి? జరిగింది నీకు. జరిగిందే చెప్పు."

గుడి నిండా జనం. ఎజ్రా పాడే చోట కుర్రాడెవడో కీబోర్డు సర్దుకుంటున్నాడు. తెనాలి నుంచి వచ్చిన తమ్ముడనీ, ప్రభువు స్వరం విన్నవాడనీ అయ్యగారు పరిచయం చేసి మైకు అందించాడు. ఫోన్లు లేచాయి. వాటిలో ఏదో ఒకదాని అవతల కుమారి ఉంటుంది. అజయ్ బాబు మైకు పట్టుకుని ముందు వరసలోకి చూశాడు. రాజమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన, ఎడమ చేతి వైపు, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద ఆమె తన కర్చీఫ్ వేసి ఉంచింది.

అతని చూపు ఆ కర్చీఫ్ దగ్గరే ఆగిపోయింది. తిమ్మిరెక్కిన కాలు బాగైపోయేటప్పుడే కదా పోట్లు పొడిచేది.

"వందనాలండి" అన్నాడు. "ఆ రోజు నాకు కడుపు పాడైందండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆడవాళ్ళ వరసల్లో గుసగుస మొదలైంది, వెనక ఒక ఫోను కిందికి దిగింది. అయ్యగారు మైకు కోసం చెయ్యి సగం చాపి ఆగాడు.

"నాకే స్వరమూ వినపడలేదండి. నేను అవునన్నది తప్పు. ఎజ్రాకూ ఏం వినపడలేదు. నాకు కడుపు పాడైంది, నేను పరుగెత్తాను, వాడు..." ఇక మాట రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచక, మైకు పట్టుకుని, అంత మంది ముందు, పెళ్ళాం చూస్తోందని తెలిసి కూడా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గుడిలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ముందు వరసలోంచి ఒక్క గొంతు లేచింది.

"స్తోత్రం" అంది రాజమ్మ, గుడంతా వినపడేటట్టు. "ఏడువు నాయనా, ఏడ్చి చెప్పు. ఆ కుళాయి సంగతి కూడా చెప్పు. వాడేమన్నాడో అందరూ వినాలి."

అజయ్ బాబు ముక్కు చీదుకుని, అది కూడా చెప్పాడు.